'కేరాఫ్ కంచరపాలెం': నాలుగు పేర్లు, ఒక చిరునామా

1. ఉపోద్ఘాతం:
తెలుగు సినిమాలో విశాఖపట్నం చాలాసార్లు సముద్రతీర దృశ్యంగానే కనిపిస్తుంది. నగరచరిత్ర అంతకన్నా సంక్లిష్టమైనది. 1933లో ఓడరేవు ప్రారంభమైన తరువాత బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారితో ఈ ఊరు పెరిగింది. 1966 నాటి ఉక్కు ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలర్పించారు. కర్మాగారం కోసం 64 గ్రామాలవారు భూములు వదులుకున్నారు. కొందరికి ఉపాధి దొరికిన నేలమీదే మరికొందరు ఊరును పోగొట్టుకున్నారు. కాబట్టి 'మీదే ఊరు?' అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు అంత సులభం కాదు. ఈ నగరంలోని ఒక పేటను కేంద్రంగా చేసుకొని వెంకటేష్ మహా రూపొందించిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) అస్తిత్వాన్ని, జ్ఞాపకాన్ని ఎలా చిత్రించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. స్వతంత్ర నిర్మాణం:
అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్న ప్రవీణ పరుచూరి ఈ చిత్రాన్ని నిర్మించి, సలీమా పాత్రను కూడా పోషించారు. నటీనటులలో 80 మందికి పైగా స్థానికులే. అందువల్ల ఇందులోని ఉత్తరాంధ్ర మాట హాస్యం కోసం అరువు తెచ్చుకున్న యాసగా కాక, మాట్లాడేవారి సొంత భాషగా వినిపిస్తుంది. చిత్రం 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శితమైంది.

3. కథానిర్మాణం - జ్ఞాపకం:
ఇది పూర్తి నిడివి చిత్రమే అయినా, దీని నిర్మాణం నాలుగు లఘుచిత్రాల అల్లికను పోలి ఉంటుంది. బడిపిల్లవాడు సుందరం సునీతను ఇష్టపడతాడు. జోసెఫ్ బ్రాహ్మణ యువతి భార్గవిని, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం సలీమాను ప్రేమిస్తారు. 49 ఏళ్ల అవివాహితుడైన అటెండర్ రాజు, ఒడిశా నుంచి వచ్చిన అధికారిణి రాధకు దగ్గరవుతాడు. నలుగురూ ఒక్కడేనని చివరలో తెలుస్తుంది.

ఇది కేవలం కథలోని మలుపు కాదు. పేరును బట్టి మతాన్ని, రూపాన్ని బట్టి స్వభావాన్ని నిర్ణయించే అలవాటు వల్లనే ప్రేక్షకుడు నలుగురు వ్యక్తులను ఊహించుకుంటాడు. ఆ పొరపాటు బయటపడగానే, వర్తమానంగా చూసిన మూడు కథలు రాజు జ్ఞాపకాలుగా మారిపోతాయి. అస్తిత్వం పేరులో స్థిరంగా ఉండేది కాదని, అనుభవాల పొరలుగా ఏర్పడేదని చిత్రం ఈ విధంగా నిరూపిస్తుంది.

4. 'కేరాఫ్' - చెందడం:
సొంత చిరునామా లేనివారు మరొకరి పేరిట ఉత్తరం తెప్పించుకునేటప్పుడు రాసే మాట 'కేరాఫ్'. రాజుకు ఆ మరొకరు వ్యక్తి కాదు, పేట. అతని ఒంటరితనం గురించి గుసగుసలాడేదీ, అతన్ని తనవాడిగా భావించేదీ ఆ పేటే. చెందడంలో ఆదరణతో పాటు నిఘా కూడా ఉంటుందన్న సత్యాన్ని చిత్రం దాచలేదు.

5. పరిమితులు:
జ్ఞాపకం పురుషుడిది కావడంతో సునీత, భార్గవి, సలీమాల కథలు రాజు జీవితంలో అధ్యాయాలుగానే ముగుస్తాయి. వారి వైపు నుంచి ఆ ప్రేమల జ్ఞాపకం ఎలా ఉంటుందో చిత్రం అడగలేదు. ఉక్కు కర్మాగారపు నిర్వాసితుల స్మృతి కూడా దీని పరిధిలోకి రాలేదు.

6. ముగింపు:
2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన తరువాత, ఈ నగరం ఎవరిదన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నకు ఈ చిత్రం నేరుగా జవాబివ్వదు. అయితే ఒక నగరపు జ్ఞాపకాన్ని స్మారక చిహ్నాలతో పాటు, ఒక అటెండర్ జీవితంలోనూ వెతకవచ్చని చూపుతుంది. కోల్పోయిన గ్రామాల కథలను తెరకెక్కించబోయే స్వతంత్ర చిత్రకారులకు ఈ పద్ధతి ఉపయుక్తమైన నమూనా.