కారు కళ్ళకీ పొరలొస్తాయి!

మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ళు దాటిన కారు ఉందా? ఉంటే ఈ వ్యాసం చదవడం అయ్యాక ఒక్కసారి దాని ముందు నిలబడి చూడండి. హెడ్‌లైట్ల అద్దాలు కొన్ననాటిలా తళతళలాడుతున్నాయా, లేక పసుపునీళ్ళు పోసి ఆరబెట్టినట్టు మసకబారాయా? "కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకు" అనుకోకండి. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

కిందటి మాఘమాసంలో తెనాలిలో మా ఆడపడుచుగారమ్మాయి పెళ్ళికి వెళ్ళి, రాత్రి భోజనాలయ్యాక కారులో విజయవాడ బయల్దేరాం. దుగ్గిరాల దాటాక ముందు వరిగడ్డి వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. వెనక దీపం లేదు. బాగా దగ్గరకి వెళ్ళేదాకా మావారికి అది కనబడనే లేదు. గట్టిగా బ్రేకు వేశారు. వెనక నిద్రపోతున్న మా అమ్మాయి నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. దేవుడి దయవల్ల బొప్పితో పోయింది.

ఆ రోజు నుంచి మావారు చీకటి పడితే కారు తీయడం మానేశారు. "నా కళ్ళు పోతున్నాయేమోనే" అని ఒకటే దిగులు. పట్టుబట్టి కంటిడాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన అన్నీ పరీక్షించి, శుక్లాలు లేవు, కళ్ళద్దాల పవరూ మారలేదు అన్నారు. మరి లోపం ఎక్కడ?

ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర ముగ్గు వేస్తూ తలెత్తాను. కారు దీపం సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉంది. లోపలి బల్బు కనబడితే ఒట్టు! పొరలొచ్చింది మావారి కళ్ళకి కాదు, కారు కళ్ళకి.

ఎందుకిలా అవుతుంది?

వెనకటి అంబాసిడర్, ఫియట్ కార్లకి గాజు అద్దాలుండేవి. గాజు పచ్చబడదు. ఇప్పటి కార్లకి ఉండేది పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కు. అది ఎండకి పాడవకుండా కంపెనీవాళ్ళు పైన పల్చటి పూత వేస్తారు. మన ఎండల్లో ఏళ్ళ తరబడి నిలబడితే అతినీలలోహిత కిరణాలకి ఆ పూత పోతుంది. తర్వాత ప్లాస్టిక్కు పచ్చబడి, గరుకెక్కుతుంది. ఇక దీపం వెలుగు రోడ్డు మీదికి సూటిగా పోదు, మంచులో పడ్డట్టు చెదిరిపోతుంది. మనకి దారి కనబడదు, ఎదుటివాళ్ళకేమో కళ్ళు జిగేల్‌మంటాయి.

ముందు ఈ పరీక్ష చేయండి

అద్దం మీద చెంబుడు నీళ్ళు పోయండి. తడిగా ఉన్నంతసేపు అద్దం తేటపడి, ఆరగానే మళ్ళీ మసకేస్తే పొర పైపైనే ఉన్నట్టు. రుద్దితే పోతుంది. తడిపినా మసక తగ్గకపోతే లోపం లోపలివైపు ఉండొచ్చు. దానికి పైన ఎంత రుద్దినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

మాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన, "రెండూ మార్చేయాల్సిందేనమ్మా" అని వేలల్లో లెక్క చెప్పాడు. ఊరుకోబుద్ధి కాక టింకరింగ్ షెడ్డులో రంగులు వేసే పెద్దాయన్ని అడిగాం. ఆయన నవ్వి, "మీరే చేసుకోవచ్చమ్మా" అని పద్ధతి చెప్పాడు.

కావలసినవి

వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే ఉప్పుకాగితం) 1000, 1500, 2000 నంబర్లు, మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి నూలుగుడ్డలు, ఎండ తగలకుండా కాపాడే యువి క్లియర్ కోట్. ఇవన్నీ కలిపి ఒకే కిట్టుగానూ అమ్ముతారు.

చేసే పద్ధతి

కారు నీడలో పెట్టి, అద్దాన్ని సబ్బునీళ్ళతో కడగండి. చుట్టూ ఉన్న రంగుకి గీతలు పడకుండా టేపు అంటించండి. 1000 నంబరు కాగితాన్ని కాసేపు నీళ్ళలో నాననిచ్చి, అద్దం తడుపుతూ అడ్డంగా రుద్దండి. మొదట పచ్చటి నీరు కారుతుంది. అది తెల్లబడేదాకా రుద్దాలి. తర్వాత 1500 తో నిలువుగా, ఆ తర్వాత 2000 తో మళ్ళీ అడ్డంగా. దిశ మార్చితే ముందు కాగితం గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఈ దశలో అద్దం ఇంకా మసకగా కనబడుతుంది. నేనైతే ఉన్నదీ పాడుచేశానని హడలిపోయాను! కంగారు పడకండి. కాంపౌండ్ గుడ్డకి రాసుకుని గుండ్రంగా రుద్దుతూ పోతే మెల్లగా తేటపడుతుంది.

చివరగా శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, క్లియర్ కోట్ పల్చగా వేయండి. స్ప్రే అయితే ముక్కుకి గుడ్డ కట్టుకోండి, బానెట్ మీద పాత పేపర్లు పరవండి. డబ్బా మీద రాసినంతసేపు తడి తగలనివ్వకండి. ఈ పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్ళీ మొదటికొస్తుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

టూత్‌పేస్టు చిట్కా నిజమేనా?

సగం నిజం. పేస్టులో మెత్తటి రాపిడి గుణం ఉంటుంది కాబట్టి లేత మసక పోతుంది. ముదిరిన పొర పోదు, పోయినా ఎక్కువకాలం నిలవదు. గోళ్ళరంగు తుడిచే రిమూవర్, పెయింటు థిన్నర్, దోమల మందు మాత్రం ముట్టించవద్దు. ఇవి ప్లాస్టిక్కుని కరిగించి, సన్నటి పగుళ్ళు తెప్పిస్తాయి.

మార్చక తప్పనిది ఎప్పుడు?

అద్దం పగిలినా, లోపల నీరు చేరుతున్నా, బల్బు వెనక ఉండే వెండిలాంటి మెరుపు రాలిపోయినా కొత్తది వేయించడమే మంచిది. కొత్తది బిగించాక వెలుగు సరైన ఎత్తులో పడుతోందో లేదో చూసి ఫోకస్ సరిచేయించండి. వెలుగు చాలడం లేదని కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ వాట్ల బల్బు పెట్టిస్తే ఆ వేడికి వైర్లు, ప్లాస్టిక్కు పాడవుతాయి. హాలోజన్ బల్బుని వట్టి చేతులతో పట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటినచోట ఎక్కువ వేడెక్కి త్వరగా పోతుంది.

ఆ తర్వాత జాగ్రత్త ఒక్కటే: కారు నీడలో పెట్టండి, లేదా కవరు కప్పండి. దుమ్ముని పొడిగుడ్డతో తుడవకుండా నీళ్ళతో కడగండి.

మాకు ఒక ఆదివారం పూటంతా పట్టింది. ఖర్చు మెకానిక్కు చెప్పినదాంట్లో చిన్న ముక్క. ఉగాదికి తెనాలి వెళ్ళి రాత్రికే తిరిగొచ్చాం. అదే దారి, అదే చీకటి. దూరంగా ఎద్దుబండి పక్కన నడుస్తున్న మనిషి కాళ్ళు కూడా కనబడ్డాయి. మావారు ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చేదాకా కూనిరాగం తీస్తూనే ఉన్నారు. రేపు ముగ్గు వేసేటప్పుడు మీరూ ఒక్కసారి తలెత్తి చూడండి.