ఈ వయసులో మానేస్తే ఏం లాభం?



మీరిచ్చే విరాళాలతో ప్రతి నెలా బీపీ, షుగర్, గుండెజబ్బు, ఆయాసం ఉన్న పేద పెద్దలకు మందులు అందిస్తున్నాం. ఆ మందుల సంచి చేతపట్టుకుని గేటు దాటగానే బీడీ వెలిగించేవారిని తరచూ చూస్తున్నాం. మానెయ్యమంటే వచ్చే జవాబు ఒకటే: "అరవై దాటాయి బేటా, రావలసిన రోగం వచ్చేసింది. ఇప్పుడు మానేస్తే ఏం లాభం?"

లాభం ఉంది. రోగం ఉన్నవారికి మరీ ఉంది. పొగ ఆపిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఏడాది గడిస్తే గుండెజబ్బు ముప్పు, తాగుతూ ఉన్నవారితో పోలిస్తే సుమారు సగానికి దిగుతుంది. బ్రిటన్‌లో డాక్టర్లనే 50 ఏళ్ళు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 60 ఏళ్ళ వయసులో మానేసినవారు కూడా సగటున మూడేళ్ళు ఎక్కువ బతికినట్టు తేలింది. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిదే. ఆయన ఇచ్చిన శరీరం అనే అమానత్‌ను కాపాడుకోవడం మన పని.

షుగర్ ఉన్నవారు పొగ తాగితే కాళ్ళకు రక్తం సరిగా అందదు, పుండు త్వరగా మానదు. ఆయాసం రోగికి పోయిన ఊపిరితిత్తుల శక్తి తిరిగి రాదు గానీ, మానేస్తే మిగిలినది తరిగిపోవడం నెమ్మదిస్తుంది. "బీడీ ఆకే కదా, సిగరెట్ అంత హాని లేదు" అన్నది కూడా పొరపాటే. బీడీ ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందువల్ల విషవాయువు లోపలికి ఎక్కువే పోతుంది.

మరి ఎలా మాన్పించాలి? తిట్టడం వల్ల కాదని మాకు అనుభవంలో తెలిసింది. తిడితే చాటుకు వెళ్ళి తాగుతారు. నలభై ఏళ్ళ అలవాటు వదిలితే మొదటి వారం చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం తప్పవు. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి చాలావరకు సర్దుకుంటాయి. ఆ రోజుల్లో పక్కన మనిషి ఉండాలి. చాయ్ తాగిన వెంటనే నాలుగడుగులు నడిపించాలి. జేబులోని అగ్గిపెట్టె తీయించాలి.

డాక్టర్ సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చు. దాన్ని పాన్‌లా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. కట్టుడు పళ్ళున్నవారికి అది అంటుకుంటుంది, వేరే మార్గం అడగాలి. బీడీ బదులు జర్దా, గుట్కా మొదలుపెట్టడం మాత్రం మానినట్టు కాదు. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవారు, ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వేసుకునేవారు పొగ మానే సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. మానేశాక మోతాదు మార్చవలసి రావచ్చు. ప్రభుత్వ ఉచిత సలహా ఫోన్ 1800-11-2356. ఇది బీడీ కట్ట, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది.

రంజాన్ ఇందుకు మంచి అదను. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పొగ ముట్టని మనిషికి తన శక్తి ఏమిటో తనకే తెలుస్తుంది. ఇఫ్తార్ తర్వాత వెలిగించే ఆ మొదటి బీడీని ఆపగలిగితే సగం దారి నడిచినట్టే. ఆరోగ్యం బాగాలేక రోజా ఉండలేనివారిని ఇందుకోసం బలవంతపెట్టకూడదు.

దాతలారా, మీ డబ్బుతో కొన్న మందు పూర్తిగా పనిచేయాలంటే పొగ ఆగాలి. గమ్ ఖర్చు భరించేవారు, వారానికోసారి ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళి పలకరించేవారు మాకు కావాలి. మనలో తాగేవారుంటే ముందు మనమే మానేద్దాం. అప్పుడు మన మాటకు బరువు ఉంటుంది.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మీకు మంచి ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.