శక్తి మాత్రల సీసా కొనే ముందు

ఔట్ పేషెంట్ విభాగానికి వచ్చే పెద్దవారి మందుల సంచుల్లో తరచుగా ఒక సీసా కనబడుతుంది. కొందరికి అమెరికాలోని పిల్లలు పంపినది, కొందరికి తెలిసినవారే ఇంటికి తెచ్చి అమ్మినది. యాంటీ ఆక్సిడెంట్లు, కణాలకు శక్తి, వయసు మీద పడదు అని దాని మీద వ్రాసి ఉంటుంది. "ఇది వేసుకోవచ్చా సిస్టర్?" అని అడిగేవారు కొందరే. అడగకుండా వేసుకునేవారే ఎక్కువ గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వంకాయ కోసి గాలికి ఉంచితే నల్లబడుతుంది. అది గాలిలోని ఆక్సిజన్ చేసే పని. మన శరీరంలోనూ ఇటువంటిది జరుగుతూనే ఉంటుంది. దాదాపు ప్రతి కణంలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉన్నాయి. మనం తిన్న అన్నం ఆక్సిజన్ సహాయంతో వాటిలో శక్తిగా మారుతుంది. పొయ్యి అన్నాక నిప్పురవ్వలు ఎగరక మానవు గదా! ఆ రవ్వలే ఫ్రీ రాడికల్స్. వాటిని ఆర్పేవి యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ అటువంటివి. కొన్నిటిని శరీరం తానే తయారుచేసుకుంటుంది. ఈ రవ్వల వల్లనే ముసలితనం వస్తుందని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించారు. అలాగైతే వీటిని మాత్రలుగా మింగితే చాలు, జబ్బులూ ముసలితనమూ దూరమవుతాయని చాలామంది ఆశపడ్డారు.

ఆ ఆశను పరీక్షించి చూశారు. ఫిన్లాండ్‌లో సిగరెట్లు తాగే 29,133 మంది మగవారిని తీసుకుని కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వారి ఎదురుచూపు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది! అమెరికాలో పొగతాగేవారి మీద, మానేసినవారి మీద, ఆస్‌బెస్టాస్ పనివారి మీద జరిగిన మరో పరీక్షలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. అక్కడ 28 శాతం ఎక్కువ కనబడేసరికి 1996లో మధ్యలోనే ఆపివేశారు. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. గుండెజబ్బు, క్యాన్సర్ రాకుండా ఉండటానికని ఈ రెండు మాత్రలూ వాడవద్దని 2022లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ చెప్పింది. మన ఇళ్లలో చుట్ట, బీడీ, సిగరెట్టు తాగే పెద్దలు, మానేసిన పెద్దలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. అలాగని క్యారెట్టుకు, బొప్పాయికి భయపడకండి. కీడు చేసింది పెద్ద మోతాదు మాత్రలే.

రవ్వలన్నీ చెడ్డవి కావు. కొన్ని శరీరానికి కబురు అందిస్తాయి. 2009లో జర్మనీలో యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. వ్యాయామంతో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెడుతుంది. కాని విటమిన్ సి, ఇ మాత్రలు కూడా వేసుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. పొద్దున్నే నడిచి వచ్చి ఈ మాత్ర వేసుకునే షుగరు రోగులు దీని గురించి ఆలోచించాలి.

కోఎంజైమ్ క్యూ-10 గురించి కూడా అడుగుతారు. కణాల పొయ్యికి అవసరమైనదే. అయితే దానిని శరీరమే చేసుకుంటుంది. గుండె బలహీనత ఉన్న కొందరికి డాక్టర్లు వ్రాస్తారు, అది వేరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఇది వయసును ఆపుతుందని రుజువు కాలేదు. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మాత్ర వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. క్యూ-10 ఆ మందు బలాన్ని తగ్గించవచ్చు, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఆపరేషనుకు వచ్చేవారు, క్యాన్సరుకు కీమో లేదా రేడియేషన్ తీసుకునేవారు ఈ సీసా సంగతి తప్పక డాక్టరుకు చెప్పాలి.

ఒక్కచోట మాత్రం ఈ మాత్రలు నిజంగా పనికివచ్చాయి. వయసుతో వచ్చే రెటీనా జబ్బు ఒక స్థాయి దాటినవారిలో చూపు తగ్గడాన్ని కొన్ని విటమిన్లు, జింకు కలిపిన మాత్ర నెమ్మదింపజేస్తుంది. అదీ కంటి డాక్టరు చూసి వ్రాస్తేనే. పొగతాగేవారికి బీటా కెరోటిన్ లేనిదే ఇవ్వాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది డబ్బు దండగ కాదు. మా వార్డులో చేరిన ఒక పెద్దావిడ నీరసమని ఎనిమిది నెలలుగా ఇటువంటి గుళికలు వాడారు. మెట్లెక్కితే ఆయాసం, కాళ్లకు వాపు. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. మొలల నుండి రక్తం పోతోందని సిగ్గుపడి కోడలికి కూడా చెప్పలేదు. రక్తం ఎక్కించి, మొలలకు చికిత్స చేసి, ఐరన్ మాత్రలతో ఇంటికి పంపాము. పెద్ద వయసులో నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, అదుపులేని షుగరు, గుండె బలహీనత, చివరికి మనోవ్యాకులత కూడా కారణం కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లు ఉంటే ఆ పరీక్ష చేయించుకోండి. ఇవన్నీ కనిపెట్టగలిగినవి, వైద్యం ఉన్నవి. గుళికల ఖర్చు కోసం బి.పి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేవారూ ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

యాంటీ ఆక్సిడెంట్లు కావాలంటే ఒక జామకాయ తినండి. పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ సి అందులోనే వస్తుంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. పచ్చడిగా తింటే మటుకు ఉప్పు గుర్తుంచుకోవాలి, బి.పి. వారు పచ్చికాయే నమలడం మేలు. మునగాకు, తోటకూర, గుప్పెడు వేరుశెనగలు చాలు. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానవద్దు గాని, ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ తినకుండా, ఎప్పుడూ ఒకే మోస్తరులో తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్‌కు వచ్చేవారు మాత్రం పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది గనుక పండ్లు, ఆకుకూరలు ఎంత తినాలో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.