ఓడిన ప్రభువు, వీడని భృత్యుడు

మన బిడ్డలు ఆంగ్లమున చదువు అద్భుతగాథలలో టోల్కీన్ పండితుని ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఒకటి. 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన ఈ గ్రంథమున సారుమాన్ అను దుష్టమాంత్రికుడు కలడు. గ్రీమా యనువాడు వాని అనుచరుడు. ప్రభువు పతనమైన పిదపను ఇతడు వానిని విడువలేదు. ఇది స్వామిభక్తియేనా యని పిల్లలు ప్రశ్నించినచో తల్లిదండ్రులు ఏమి చెప్పవలెను?

గ్రీమా మొదట రోహన్ రాజగు థియోడెన్‌కు మంత్రి. రాజు ఉప్పు తినుచునే రహస్యముగా సారుమాన్‌కు దాసుడై, దుర్బోధలతో రాజును నిర్వీర్యుని గావించెను. గుట్టు బయటపడినపుడు రాజు వానిని చంపలేదు. తనతో యుద్ధమునకు వచ్చుటయో, తొలగిపోవుటయో ఎంచుకొమ్మనెను. గ్రీమా సారుమాన్ చెంతకే పారిపోయెను. అనతికాలముననే సారుమాన్ బలము నశించెను, మంత్రదండము విరిగెను. పిమ్మట ఇరువురును బిచ్చగాండ్రవలె తిరిగిరి. సారుమాన్ కఱ్ఱతో కొట్టుచున్నను గ్రీమా వాని వెంబడినే నడిచెను. వానిని ద్వేషించుచున్నానని తానే పలికెను. అట్లయిన విడువుమని గాండాల్ఫ్ చెప్పినను విడువలేకపోయెను.

ఇది భక్తి కాదు, భయము. ద్రోహముచే అన్యాశ్రయము కోల్పోయినవానికి కొట్టు చేయియే దిక్కైనది. తుదకు షైర్ సీమలో ఫ్రోడో వానికి అన్నమును విశ్రాంతియు నిత్తుననెను. గ్రీమా ఆగెను. అంతలో సారుమాన్ వాడు చేసిన హత్యను వెల్లడించి, ముఖముపై తన్నెను. గ్రీమా దాచిన కత్తితో వాని కంఠమును కోసెను. తానును బాణములకు కూలెను.

మన భారతమున అశ్వత్థామ, తొడలు విరిగి పడియున్న దుర్యోధనుని విడువలేదు. ఆ స్నేహము నిజమైనదే. కాని అది నిద్రించుచున్న ఉపపాండవుల వధకు దారితీసినది. కావున విశ్వాసమునకు పరీక్షలు రెండు. దాని మూలము ప్రేమయా, భయమా? అది నడుపు త్రోవ ధర్మమా, అధర్మమా? అశ్వత్థామ రెండవదానియందు తప్పెను. గ్రీమా రెంటియందును తప్పెను.

బెత్తమునకు వెఱచి అణగియుండు బాలుని విధేయుడని తలచి మురియుట తగదు. భయము తొలగిన దినమున వాని మనస్సెట్లుండునో ఎవరెఱుగుదురు? మఱియు, తప్పుచేసిన బిడ్డకు మరలివచ్చు త్రోవను మూసితిమేని, వాడు దుష్టసాంగత్యమునే అంటిపెట్టుకొనును. గ్రీమాకు మంచిత్రోవ రెండుమారులు చూపినను కాదనెను, మూడవమారు ఆగెను. ఒకమారు చెప్పిన వినలేదని మన యింటి తలుపు మూయరాదు.