మిషను గాలికి అలవాటు పడడమెలా?

డాక్టరు రాసిచ్చారు. వేలకు వేలు పోసి మిషను కొన్నారు. రాత్రి ముక్కుకు మాస్కు తగిలించుకుని మీట నొక్కగానే గాలి జోరుగా కొట్టింది. ఊపిరి వదలబోతే గాలి ఎదురుతన్నుతోంది. నోరు తెరిస్తే గాలంతా నోట్లోంచి పోతోంది. పిల్లలు వచ్చి చూసి నవ్వారు. అర్ధరాత్రి దాకా అవస్థపడి, మాస్కు పీకి పక్కన పడేసి పడుకున్నారు. నాలుగు రోజులు ఇలా గడిచాక మిషను బీరువా మీదికెక్కింది. మీ ఇంట్లో జరిగింది ఇదేనా? అయితే దాన్ని కిందికి దించండి.

"ప్రెషరు ఎక్కువైందండీ, తగ్గించండి" అంటూ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. తీరా చూస్తే అసలు ఇబ్బంది ప్రెషరుది కాకపోవడం తరచు జరిగేదే. మాస్కు సరిపడదు, లేదా ముక్కు ఎండిపోతుంది, లేదా అలవాటు పడడానికి ఒంటికి తగిన గడువు ఇచ్చి ఉండరు.

ఇంతకీ ఈ మిషను ఎందుకు? కొందరిలో నిద్రపట్టగానే గొంతులోని కండరాలు సడలి, ఊపిరి పోయే దారి మూసుకుపోతుంది. గుర్రు పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం. 10 సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగి, ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ గుర్రు మొదలౌతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లలోపు జరిగితే మామూలు కిందే లెక్క. 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ఇలాంటివాళ్ళకు ఎన్ని మందులు వాడినా బి.పి. లొంగకపోవచ్చు. గుండెకు చేటు. పగలు కునికిపాట్లు. స్టీరింగు పట్టుకునేవాడికి ఆ కునుకు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? మగవాళ్ళకే వస్తుందని కూడా అనుకోకండి. ముట్లుడిగిన ఆడవాళ్ళలోనూ ఇది తక్కువేమీ కాదు.

10 అంటే ఎంత?

మిషను మీద కనిపించే అంకె చూసి బెదిరిపోయేవాళ్ళున్నారు. అది నీటి ఎత్తును బట్టి కొలిచే ప్రెషరు. ఒక పొడవాటి గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి ఊదండి. అడుగున బుడగ రావడానికి ఎంత బలంగా ఊదాలో, అదే 10 ప్రెషరు. సాధారణంగా ఈ మిషన్లు 4 నుంచి 20 వరకు ఇస్తాయి. స్కూటరు టైరులో ఉండే గాలి ఒత్తిడి ఈ 10కి నూరు రెట్ల పైమాటే. కాబట్టి ఊపిరితిత్తులు పగిలిపోతాయన్న భయం అక్కర్లేదు. అయితే గతంలో ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి చేరినవాళ్ళు, ఈ మధ్యే తలకో ముక్కుకో ఆపరేషను అయినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

ఈ గాలి మీ బదులు ఊపిరి తీయదు. గాలి లేని సైకిలు ట్యూబు గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి కదా? కాస్త గాలి కొడితే విడివడి నిలబడతాయి. గొంతులో జరిగేదీ అంతే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలే ఆ పని చేస్తాయి గనుక గాలి అక్కర్లేదనిపిస్తుంది, వదిలేటప్పుడు అడ్డొస్తుంది. నిద్రలో అదే గాలి హాయి. అందుకే ప్రెషరు ఎంతుండాలన్నది మెలకువలో మీకు కలిగే ఇబ్బందిని బట్టి నిర్ణయించరు. నిద్రలో పరీక్ష చేసి చూస్తారు. లేదా కొంత వ్యవధి, 6 నుంచి 12 అన్నట్టుగా, పెట్టి అవసరాన్ని బట్టి తనే సర్దుకునే ఆటో మిషను ఇస్తారు.

ఈ చికిత్సను 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు మొదలుపెట్టారు. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. ఆ తొలి రోజుల్లో మాస్కును రోగి ముక్కుకు అచ్చుపోసి, రోజూ రాత్రి జిగురుతో అంటించేవారు. మోటారేమో వాక్యూమ్ క్లీనరుది! దాంతో పోలిస్తే మన అవస్థ ఏపాటిది?

మొదటి రెండు వారాలు

తొలిసారి మాస్కును రాత్రి నిద్రవేళకు తగిలించుకోకండి. పగలు, కూర్చుని పేపరు చదువుతూనో టీవీ చూస్తూనో, ముందు ఉత్త మాస్కు ఓ పావుగంట పెట్టుకోండి. మర్నాడు మిషను కూడా ఆన్ చేసి అరగంట. తర్వాత మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు. ఆ తర్వాతే రాత్రికి. మధ్యలో ఊపిరాడనట్టు భయమేస్తే మాస్కు తీసి, నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టుకోండి. ఆరంభంలో రాత్రికి రెండు మూడు గంటలే సాధ్యమైతే దాంతోనే మొదలుపెట్టండి. అయితే అక్కడే ఆగిపోకూడదు. నిద్రపోయినంత సేపూ ఉండాలన్నదే లక్ష్యం. రాత్రికి 4 గంటలు కనీసం.

మిషనులో ర్యాంపు అని ఒక సౌకర్యం ఉంటుంది. తక్కువ ప్రెషరుతో మొదలై, మీకు నిద్రపట్టేలోగా మెల్లమెల్లగా అసలు ప్రెషరుకు చేరుతుంది. ఇక్కడో తమాషా ఉంది. 4 దగ్గర మొదలైతే కొందరికి గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వాళ్ళు కూడా "గాలి ఎక్కువై ఊపిరాడడం లేదు" అనే చెబుతారు! ఇలాంటివారికి ఆరంభం 5కో 6కో పెంచితే సుఖం. ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే ప్రెషరు కాస్త తగ్గే ఏర్పాటు కూడా చాలా మిషన్లలో ఉంది. రెండూ మీ మిషనులో ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి.

మాస్కు పక్కలనుంచి గాలి కారుతోందని పట్టీలు బిర్రుగా లాగి కట్టేస్తారు. దాంతో ముక్కు దూలం మీద పుండు పడుతుందే గాని గాలి ఆగదు. మాస్కును పడుకుని, మిషను నడుస్తుండగా సర్దుకోవాలి. కూర్చుని సర్దుకున్నది పడుకుంటే జారుతుంది. రాత్రిపూట ముఖానికి నూనె, క్రీము రాసుకునే అలవాటుంటే మానండి. గుబురు మీసాల వాళ్ళకు ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు నప్పవచ్చు. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళకు నోటినీ ముక్కునూ కప్పేది కావాలి. ముక్కు ఎండిపోతుంటే గాలికి తేమనిచ్చే పాత్ర ఉంటుంది, అందులో డిస్టిల్డ్ వాటరే పోయండి. దోమల చక్రాన్నీ అగరొత్తులనూ మిషనుకు దూరంగా పెట్టండి. అది ఆ పొగనే పీల్చి మీకు పంపుతుంది.

ప్రెషరు ఎవరు మార్చాలి?

మీరు కాదు. మిషను అమ్మినాయనా తన ఇష్టానికి కాదు. మీ బావమరిదికి 8 పెట్టారని మీకూ అదే చాలనుకోకూడదు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు 8 సరిపోవచ్చు, ఓ మోస్తరుగా ఉన్నవాళ్ళకు 12 కావలసి రావచ్చు. తగ్గిస్తే గొంతు మళ్ళీ మూసుకుంటుంది. అవసరానికి మించి పెంచితే కొందరిలో ఊపిరి తీయమని మెదడు పంపే ఆజ్ఞే ఆలస్యమై, మరో రకం ఆప్నియా బయలుదేరుతుంది.

మిషను పెట్టుకున్నా గురక వినిపిస్తున్నా, ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్ళు చెప్పినా, పొద్దున లేచేసరికి గాలి మింగి కడుపు ఉబ్బరించినా, తలనొప్పి వస్తున్నా, మిషను చూపే ఆప్నియా లెక్క రోజూ 5 దాటుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మిషనునూ మాస్కునూ వెంట తీసుకెళ్ళండి. మీరెన్ని గంటలు వాడారో, గాలి ఎంత కారిందో అందులో నమోదై ఉంటుంది. ఒళ్ళు బాగా పెరిగినా తగ్గినా ప్రెషరు మళ్ళీ చూడవలసిందే. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి.

కరెంటు పోతే?

ఈ భయంతో మిషను వద్దనేవాళ్ళు పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ ఉన్నారు. ముక్కు మాస్కయితే నోటితో ఊపిరి పీల్చుకోవచ్చు. నోటినీ కప్పే మాస్కుకు బయటి గాలి లోపలికొచ్చే కవాటం ఉంటుంది. మెలకువ రాగానే మాస్కు తీసేయండి. మాస్కు మీద ఉండే సన్నటి రంధ్రాలు మీరు వదిలిన చెడుగాలి పోవడానికే. గాలి కారుతోందని వాటికి ప్లాస్టరు వేసేరు సుమా! కరెంటు రాగానే కొన్ని మిషన్లు వాటంతట అవే నడుస్తాయి, కొన్నిటికి మీట నొక్కాలి. మీది ఏ రకమో పగలే ఒకసారి స్విచ్ తీసి, వేసి చూసుకోండి.