గిట్‌హబ్ డెస్క్‌టాప్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లల్లో కొందరికి ఆఫీసులో గిట్‌హబ్ డెస్క్‌టాప్ (గిట్‌ను మౌస్‌తో నడిపే యాప్) తెరవాలంటే మొహమాటం. పక్క సీటులో సీనియర్ టెర్మినల్‌లో టకటకా కమాండ్లు కొడుతుంటే, తాము మౌస్ పట్టుకోవడం నామోషీ అనుకుంటారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: అసలైన గిట్ అంటే టెర్మినలే.

వాస్తవం: లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టారు. కమిట్ల చరిత్రను బొమ్మ గీసి చూపే ‘గిట్‌కే’ (gitk) అనే ప్రోగ్రామ్ కూడా ఆ ఏడాదే వచ్చి, గిట్‌లో భాగమైపోయింది. డెస్క్‌టాప్ లోపల నడిచేదీ గిటే; బటన్ నొక్కితే వెనక నడిచేవి ఆ కమాండ్లే. ఒక ఫైలులో నాలుగు లైన్లే ఎంచి కమిట్ చేయాలంటే టెర్మినల్ కన్నా ఇక్కడే హాయి.

అపోహ: గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది కాబట్టి డెస్క్‌టాప్ గిట్‌హబ్ రిపోలకే పనికొస్తుంది.

వాస్తవం: సత్య నాదెళ్ల హయాంలో 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొన్నది నిజమే. కానీ డెస్క్‌టాప్ కోడ్ ఎంఐటీ లైసెన్సుతో అందరికీ తెరిచే ఉంది. గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ రిపోలూ అందులో తెరుచుకుంటాయి.

అపోహ: కమిట్, పుష్, పుల్ తప్ప అందులో ఏమీ ఉండవు.

వాస్తవం: ఇది 2017 నాటి 1.0 వెర్షన్ చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం. 2019లో స్టాష్, రీబేస్ వచ్చాయి. 2021లో చెర్రీ పిక్, స్క్వాష్, కమిట్ల వరుస మార్చడం చేరాయి. ఇప్పుడు గిట్‌హబ్ ఏఐ సాధనం కోపైలట్ కమిట్ మెసేజ్ కూడా రాసిపెడుతోంది. అది డిఫ్ చూసి ఏం మారిందో చెప్పగలదు. ఎందుకు మార్చామో మాత్రం మనమే రాయాలి. రెండేళ్ల తర్వాత ఆ కోడ్ ముందు కూర్చునేవారు వెతికేది దాన్నే.

అపోహ: కమిట్‌ను మౌస్‌తో లాగి పైకో కిందకో వేస్తే పేకముక్కలు సర్దినట్టే, లోపల ఏమీ మారదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. కమిట్ ఐడీని గిట్ లెక్కగట్టేది అందులోని ఫైళ్లు, మెసేజ్, రాసినవారి పేరు, సమయాలతో పాటు దాని ముందరి కమిట్ ఐడీని కూడా కలిపి. వరుస మారిస్తే ముందరి కమిట్ మారుతుంది, దాంతో ఐడీ మారుతుంది, ఆపై వచ్చే ప్రతి కమిట్ ఐడీ మారుతుంది. అంటే గిట్ పాతవాటిని జరపలేదు, కొత్తవి తయారుచేసింది. స్క్వాష్‌కూ ఇదే వర్తిస్తుంది. చెర్రీ పిక్ అలా కాదు: అసలు కమిట్ ఉన్నచోటే ఉంటుంది, దాని నకలు వేరే బ్రాంచ్‌లో చేరుతుంది.

అప్పటికే పుష్ చేసిన కమిట్లను ఇలా లాగితే డెస్క్‌టాప్ ఫోర్స్ పుష్ అడుగుతుంది. ఆ పాత కమిట్ల మీద వేరొకరు పని మొదలుపెట్టి ఉంటే వాళ్లకు చిక్కులు తప్పవు. మీరొక్కరే పనిచేసే బ్రాంచ్‌లో నిశ్చింతగా లాగండి; పదిమంది వాడే మెయిన్ బ్రాంచ్ జోలికి వెళ్లకండి.

అపోహ: తప్పు బటన్ నొక్కితే పని పోయినట్టే.

వాస్తవం: డిస్కార్డ్ చేసిన ఫైలు మామూలుగా రీసైకిల్ బిన్‌కో ట్రాష్‌కో చేరుతుంది. ఇంకా పుష్ చేయని చివరి కమిట్‌కు అన్‌డూ ఉంది. జాగ్రత్త పడాల్సింది స్టాష్ దగ్గర: డెస్క్‌టాప్ ఒక్కో బ్రాంచ్‌కు ఒక్క స్టాషే ఉంచుతుంది. రెండోది దాచబోతే మొదటిదాన్ని చెరిపేయనా అని అడుగుతుంది. చదవకుండా సరే నొక్కకండి.