ఎండని నమ్ముకుని...

“నిన్ను ఇంజినీరింగు చదివించింది ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ కప్పులెక్కడానికా నాయనా?”

2009 వేసవిలో మా అమ్మ ఫోన్లో అడిగిన మాట ఇది. అప్పటికి నా ఉద్యోగం పోయి మూడు నెలలైంది. శాన్ హోసేలో చిప్పులు పరీక్షించే ఉద్యోగం, పదేళ్ళు చేశాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం పిలిచి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, నెలనెలా కట్టాల్సిన ఇంటి అప్పు. గ్రీన్ కార్డు అప్పటికే వచ్చింది కాబట్టి దేశం విడిచి వెళ్ళాలన్న భయం ఒక్కటే లేదు. ఆ కార్డు లేకపోతే ఈ కథే లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు నాలా ఉన్నపళంగా దారి మార్చుకోవడం కుదరదు, ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడుతున్న ఆ ఏడాదిలో కొత్తవాళ్ళని తీసుకుంటున్న పని ఒకటి కనబడింది. ఇళ్ళ మీద సోలార్ పానెళ్ళు బిగించడం. కాలిఫోర్నియా రాష్ట్రం అప్పట్లో, 2007 నుంచి, రిబేటు ఇస్తూ ఉండేది. ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులో 30 శాతం పన్ను తగ్గింపు ఇస్తున్నా అప్పటిదాకా ఇళ్ళకి రెండు వేల డాలర్ల హద్దు ఉండేది. 2009లో ఆ హద్దు తీసేశారు. దాంతో జనం ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నేను ఒక చిన్న కంపెనీలో హెల్పరుగా చేరాను. వెనకటి జీతంలో సగం కూడా లేదు.

నిచ్చెన మీద చదువు

మొదటి నెల నా పనల్లా పానెళ్ళు మోయడం, తాడు పట్టుకోవడం. మా మేస్త్రి నాకంటే చదువు తక్కువవాడు, పని తెలిసినవాడు. సుత్తితో కప్పు మీద మెల్లిగా కొట్టుకుంటూ వెళ్ళి, శబ్దం మారిన చోట “ఇక్కడ దూలం ఉంది” అనేవాడు. ఆ దూలంలోకే బోల్టు దిగాలి. పక్కకి పోతే గాలికి ఊగుతుంది, వానకి కారుతుంది. నడుముకి బెల్టు, తాడు లేకుండా ఎవరినీ కప్పు ఎక్కనిచ్చేవాడు కాదు. ఓం సూత్రం నాకు కాలేజీలోనే వచ్చు. కప్పు చదవడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కాలిఫోర్నియాలో సొంతంగా ఈ పని చేయాలంటే సి-46 అనే సోలార్ కాంట్రాక్టరు లైసెన్సు గానీ, సి-10 అనే ఎలక్ట్రికల్ లైసెన్సు గానీ ఉండాలి. దానికి నాలుగేళ్ళ పని అనుభవం చూపించాలి, ఆ తరువాత రెండు పరీక్షలు. ఒకటి పనికి సంబంధించినది, రెండోది చట్టం, వ్యాపారం గురించి. 2013లో నాకు లైసెన్సు వచ్చింది. మా ఆవిడ పుస్తకాలు, బిల్లులు చూసుకుంటానంది. మా గరాజే ఆఫీసు, పాత పికప్పే కంపెనీ వాహనం.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. కంపెనీ పెట్టి చూడు అని కూడా కలిపితే బాగుండేది!

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

ఈ వ్యాపారం మీద ఆసక్తితో అడిగేవాళ్ళకి నేను చెప్పే మొదటి సంగతి ఇది. ఇక్కడి చట్టం ప్రకారం ఇంటి పనికి కాంట్రాక్టరు తీసుకునే అడ్వాన్సు వెయ్యి డాలర్లు గానీ, కాంట్రాక్టులో పదిశాతం గానీ, ఏది తక్కువైతే అంతకి మించకూడదు. అంటే పదిహేను వేల డాలర్ల పనికైనా చేతికి ముందు వచ్చేది వెయ్యే. పానెళ్ళు, ఇన్వర్టర్లు, పట్టాలు, కూలి, అన్నీ మన జేబులోంచి రావాలి. సప్లయరు అప్పిస్తే బండి నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది.

పనేమో రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. దాని చుట్టూ ఉన్న కాగితాలకి వారాలు పడుతుంది. ముందు డ్రాయింగు, తరువాత సిటీ పర్మిటు, బిగించాక ఇన్‌స్పెక్షను, చివరికి కరెంటు కంపెనీ నుంచి ‘ఇక ఆన్ చేసుకోవచ్చు’ అనే అనుమతి. అది వచ్చేదాకా పానెళ్ళు కప్పు మీద ఊరికే ఎండలో కూర్చుంటాయి. వీటికి తోడు లైసెన్సు బాండు (2023 నుంచి 25,000 డాలర్లకి ఉండాలి, మనం కట్టేది దాని మీద ప్రీమియం మాత్రమే), ఇన్సూరెన్సు, పనివాళ్ళుంటే వాళ్ళకి వర్కర్స్ కాంపు.

వాన కురిసిన రాత్రి

2014 డిసెంబరులో బే ఏరియాలో పెద్ద వాన కురిసింది. రాత్రి పది దాటాక ఫోను. మా తెలుగు సంఘంలో అందరూ పెద్దరికం ఇచ్చే ఒక అన్నయ్యగారు. “తమ్ముడూ, హాల్లో సీలింగు కారుతోందయ్యా. నువ్వు పానెళ్ళు పెట్టిన వైపే.”

తెల్లారగానే వెళ్ళాను. బోల్టు దూలాన్ని అరంగుళంలో తప్పింది. దానిమీద రేకు కూడా షింగిల్ కిందికి సరిగ్గా దూరలేదు. అది పనివాళ్ళ తప్పు కాదు. ఆ మూల నేనే బిగించాను. శుక్రవారం ఇన్‌స్పెక్షను ఉందని చీకటి పడుతుంటే తొందరపడ్డాను.

కిందికి దిగుతూ నిచ్చెన మీద ఒక నిమిషం ఆగాను. ‘కప్పు పాతదండీ’ అని ఒక్క మాట అంటే సరిపోతుంది. నిజంగానే పాతది. ఆయన నమ్ముతారు కూడా. కానీ నోరు రాలేదు. “అన్నయ్యా, తప్పు నాదే” అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “లోపలికి రా, కాఫీ తాగు” అన్నారు.

కప్పు, సీలింగు, రంగు, తడిసిన తివాచీ అన్నీ బాగుచేయించేసరికి ఆ ఏడాది మిగిలినదంతా కరిగిపోయింది. తరువాతి నాలుగు శనివారాలు అప్పటిదాకా నేను చేసిన ప్రతి ఇంటి కప్పూ ఎక్కి చూశాను. ఇంకో ఇంట్లో అలాంటిదే ఒకటి దొరికింది. కారకముందే సరిచేశాను. మా ఆవిడ ఖర్చు రాసుకుంది గానీ ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది.

ఆ ఉగాదికి సంఘం వేడుకలో అన్నయ్యగారు నలుగురిలో నన్ను పరిచయం చేస్తూ, “ఈయన పెట్టిన పానెళ్ళకి మా ఇల్లు కారింది. పిలిస్తే తెల్లారేసరికి వచ్చాడు” అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే ఇద్దరు నా నంబరు అడిగారు.

పిల్లలకో లెక్క

పిల్లలూ, ఈ లెక్క మీ ఇంటి కరెంటు బిల్లు ముందు పెట్టుకుని చేయండి. ఒక ఇంట్లో నెలకి 600 యూనిట్లు వాడుతున్నారనుకుందాం. ఏడాదికి 7,200. నీడ పడని కప్పు మీద, మా కాలిఫోర్నియా ఎండలో, ఒక కిలోవాటు పానెళ్ళు ఏడాదికి దాదాపు 1,500 యూనిట్లు ఇస్తాయి. 7,200ని 1,500తో భాగిస్తే 4.8 కిలోవాట్లు. ఒక్కో పానెల్ 400 వాట్లయితే ఎన్ని కావాలి? పన్నెండు! మీరు న్యూజెర్సీలో ఉంటే ఎండ తక్కువ, కాబట్టి ఇంకొన్ని ఎక్కువ కావాలి.

అన్నట్టు, ఇప్పుడు వాడే సిలికాన్ సోలార్ సెల్ పుట్టింది న్యూజెర్సీలోనే. 1954లో బెల్ లాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు దాన్ని చేసి చూపించారు. అది తన మీద పడిన ఎండలో ఆరు శాతాన్ని కరెంటుగా మార్చేది. ఇప్పుడు ఇళ్ళ మీద పెట్టేవి ఇరవై శాతం దాటాయి.

ఇప్పుడు మొదలుపెట్టాలంటే

నేను మొదలుపెట్టినప్పటి రోజులు ఇప్పుడు లేవు. అప్పట్లో పగలు మిగిలిన కరెంటుని గ్రిడ్డుకిస్తే, కొన్న ధరే దాదాపుగా మన ఖాతాలో పడేది. కాలిఫోర్నియాలోని పెద్ద ప్రైవేటు కరెంటు కంపెనీల కింద 2023 ఏప్రిల్ 15 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ఆ పద్ధతి మారింది. ఇచ్చినదానికి వచ్చేది సుమారు నాలుగోవంతుకి పడిపోయింది. గడువుకి ముందు నిద్రపోవడానికి తీరిక లేదు, తరువాత చేయడానికి పని లేదు. నాతో ఆరేళ్ళు పనిచేసిన ఇద్దరిని పంపించాల్సి వచ్చింది. నా అట్టపెట్టె శుక్రవారం గుర్తొచ్చి, వాళ్ళకి వేరేచోట పని చూసిపెట్టాకే పంపాను.

ఇక సొంతంగా పానెళ్ళు కొనుక్కునే ఇంటివాళ్ళకి ఫెడరల్ 30 శాతం పన్ను తగ్గింపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ‘మీరు కొనుక్కోండి, ముప్ఫై శాతం వెనక్కొస్తుంది’ అని ఎవరైనా మీ తలుపు తడితే నవ్వి పంపించేయండి. ఇప్పుడు మేము ఎక్కువగా బ్యాటరీతో కలిపి పెడుతున్నాం. పగటి కరెంటుని సాయంత్రానికి దాచుకుంటేనే లెక్క కుదురుతుంది. లెక్క కుదరని ఇళ్ళూ ఉన్నాయి. ముందు కప్పు మార్చుకోండి అనో, ఆ చెట్టు నీడలో వద్దు అనో చెప్పి తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఈ వ్యాపారంలోకి రావాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముందు ఎవరి దగ్గరైనా రెండేళ్ళు నిచ్చెన మోయండి. వద్దు అని చెప్పడం కూడా అక్కడే నేర్చుకుంటారు.

అమ్మ డాబా

తెనాలి దగ్గర మా ఊళ్ళో, కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు దగ్గర చదువుకున్నవాణ్ణి నేను. 2024 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం పీఎం సూర్య ఘర్ పథకం మొదలుపెట్టింది. మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ. దరఖాస్తు చేసే కుటుంబం భారత పౌరులై ఉండాలి, కాబట్టి అన్నీ అమ్మ పేరు మీదే. పని స్థానికులే చేశారు. నేను ఇక్కడినుంచి వీడియోలో ఎర్తింగు దాకా చూపించమని వాళ్ళ ప్రాణం తీశాను.

ముందు రోజు డ్రాయింగు పంపిస్తే అమ్మ నుంచి ఫోను. కప్పులెక్కడం గురించి ఇప్పుడేమీ అనదు. “అంతా బాగానే ఉంది గానీ నాయనా, డాబా మీద ఎండ మొత్తం నీ పానెళ్ళకే రాసిచ్చేశావు. నా వడియాలు, ఊరమిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోమంటావు?”

నిజమే. ఆ డాబా మీద ఎండతో నాకంటే ముందునుంచీ పని చేయిస్తున్నది ఆవిడే. రెండు పానెళ్ళు పక్కకి జరిపి, తూర్పు మూల ఖాళీగా వదిలి డ్రాయింగు మళ్ళీ గీశాను.